ప్రార్థన చల్లారిపోయిందా? మళ్లీ మొదలుపెట్టడం ఇలా

"ఆదివారం మానను, ఉపవాస కూడిక మానను, కానుక ఆపను. కానీ ఒక్కదాన్నే మోకరిస్తే రెండు నిమిషాలు దాటి మాట రావట్లేదండి." కోనసీమలో గానీ, నర్సాపురం వైపు గానీ కుటుంబ ప్రార్థన అయ్యాక టీ గ్లాసులు తీసే వేళకి ఎవరో ఒకరు పక్కకి పిలిచి ఈ మాట అంటారు. అడిగేవాళ్లలో సంఘ పెద్దలుంటారు, సండే స్కూల్ టీచర్లుంటారు, పాటలు నడిపించేవాళ్లూ ఉంటారు. అందరికీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నాకు అర్థమైనంత వరకు మన దగ్గర ప్రార్థనలకు కొదవ లేదు. శుక్రవారం ఉపవాస కూడిక, స్త్రీల కూడిక, ఈస్టరుకి ముందు శ్రమ దినాల్లో నలభై రోజుల కూటాలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, ఇవి చాలనట్టు వాట్సాప్ గ్రూపులు. అయితే వీటిలో ఎక్కువ భాగం మనం చేసేది కాదు, చేయించుకునేది. పిల్లాడి పరీక్షకి అయ్యగారు (పాస్టరు) చేస్తారు. కువైట్ వీసాకి గ్రూపులో చేస్తారు. కొత్త రొయ్యల చెరువుకి గట్టు మీద నిలబడి దైవజనులు చేస్తారు. మనం ఆమెన్ అంటాం. ఆమెన్ అనడం తప్పు కాదు. ఆమెన్ తప్ప మన నోట ఇంకేమీ మిగలకపోతే మాత్రం మంట ఆరిపోతోందని అర్థం.

1836లో ఇంగ్లాండు నుంచి బయలుదేరి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని చేశారు. 1874లో కెనడా బాప్టిస్టుల పని కాకినాడలో మొదలైంది. అంటే మనలో చాలామందిమి నాలుగో తరమో, అయిదో తరమో. మొదటి తరం వాళ్లకి ప్రార్థన లేకపోతే పూట గడిచేది కాదు. మనకి గడుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఇది తేల్చుకోండి

చల్లారిపోవడం వేరు, అలసిపోవడం వేరు, జబ్బు వేరు. మూడింటికీ ఒకే మందు వేస్తే మనిషి ఇంకా కుంగిపోతాడు.

చల్లారిన మనిషికి సాధారణంగా బాధ ఉండదు. అన్నీ బాగానే ఉన్నాయనిపిస్తుంది. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో లవొదికయ సంఘం అనుకున్నదీ ఇదే, మాకేం కొదవ లేదని. ఈ కింది గుర్తుల్లో రెండు మూడు మీకు తగిలితే ఈ వ్యాసం మీ కోసమే:

- భోజనం ముందు చేసే ప్రార్థన ఏళ్ల తరబడి అవే మాటలు. మధ్యలో ఆపి "ఇప్పుడేమన్నారు?" అని అడిగితే చెప్పలేరు.
- ప్రసంగం వింటుంటే "ఇది మా తోడికోడలు వినాల్సింది" అనిపిస్తుంది.
- ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రి ప్రార్థన ధారగా వస్తుంది. నీళ్లు తీసేశాక అయిదు నిమిషాలు కూడా కూర్చోలేరు.
- ఒక పాట మొత్తం పాడతారు, ఆ పాట పాడుతూనే ఫోన్లో మెసేజీ చదువుతారు.

ఇలా కాకుండా, ఇంట్లో చావు జరిగి కొన్ని నెలలే అయినా, పురుడు పోసుకుని నిద్ర లేకపోయినా, మంచం పట్టిన మనిషికి సేవ చేస్తున్నా మీకు కావాల్సింది కొత్త క్రమశిక్షణ కాదు, విశ్రాంతి. ప్రార్థన భారం కొన్నాళ్లు పక్కవాళ్లకి వదిలేయండి. ఇప్పుడు చేయించుకోవడమే సరైన పని. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆశ లేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బులు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. "విశ్వాసం ఉంటే మందులెందుకు" అని ఎవరన్నా సరే, మందులు ఆపొద్దు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

కాగితం బైబిల్ ఒకటి. ఫోన్లో బైబిల్ ఉన్నా ఈ పనికి వద్దు, కీర్తన సగంలో ఉండగానే ఎవరో గుడ్ మార్నింగ్ పెడతారు. ఒక రూళ్ల నోట్‌బుక్, పెన్ను. గోడ గడియారం గానీ చేతి గడియారం గానీ. సాయంత్రమైతే దోమల బత్తి. నవ్వకండి, మన ఊళ్లలో దోమల వల్ల ఆగిపోయినన్ని ప్రార్థనలు సాతాను వల్ల కూడా ఆగి ఉండవు.

కళ్లు కనపడనివాళ్లకి, చదువురానివాళ్లకి ఆడియో బైబిల్ ఉన్న చిన్న స్పీకరు సరిపోతుంది. నోట్‌బుక్ బదులు మనవడో మనవరాలో రాసిపెడతారు.

1. వారం రోజులు కాలువ కట్టేయండి

దాళ్వా (రెండో పంట) అయ్యి కాలువలు కట్టేస్తే గానీ అడుగున ఎంత పూడిక పేరుకుందో, ఎవరెక్కడ చెత్త పోశారో కనపడదు. నిండుగా పారుతున్నన్నాళ్లు అంతా బాగున్నట్టే ఉంటుంది. మీరూ ఒక్క వారం బయటి నుంచి వచ్చేవి ఆపి చూడండి. యూట్యూబ్ ప్రసంగాలు, పొద్దున్నే టీవీలో వచ్చే వాక్యం, వాట్సాప్‌లో వచ్చే వాగ్దాన వచనాలు, వంట చేస్తూ పెట్టుకునే పాటలు, అన్నీ. ఆదివారం ఆరాధన మాత్రం మానొద్దు.

ఆ వారం రోజూ అయిదు నిమిషాలు దేవుని ముందు ఊరికే కూర్చోండి. మాట వస్తే మాట్లాడండి, రాకపోతే ఊరుకోండి. పడుకునే ముందు నోట్‌బుక్‌లో ఒక్క లైను రాయండి: ఈ రోజు నా అంతట నేను దేవునితో ఏం మాట్లాడాను? "ఏమీ లేదు" అయితే "ఏమీ లేదు" అనే రాయండి. వారమంతా అదే రాసినవాళ్లు కంగారు పడొద్దు. ఇప్పుడు మీ దగ్గర ఎంత ఉందో మీకు తెలిసింది, పని అక్కణ్నుంచి మొదలవుతుంది.

జాగ్రత్త: ప్రసంగాలు ఆపిన ఖాళీని రీల్స్‌తోనో సీరియల్‌తోనో నింపితే ఈ పరీక్ష వృథా. ఆడియో వాక్యమే ఆధారంగా ఉన్న పెద్దవాళ్లు దాన్ని ఆపనక్కర్లేదు. ఒక అధ్యాయం విన్నాక స్పీకరు కట్టేసి కాసేపు మౌనంగా ఉంటే చాలు.

2. టైము, చోటు ఖాయం చేసుకోండి

అందరూ చెప్పే సలహా తెల్లవారి నాలుగింటికి లేవమని. యేసు పెందలకడనే లేచి ఏకాంత స్థలానికి వెళ్లాడు, నిజమే (మార్కు 1:35). దానియేలు రోజుకి మూడుసార్లు మోకరించాడు. నికొదేము రాత్రిపూట వచ్చాడు. టైములో మహత్తేమీ లేదు. మీ రోజులో మిమ్మల్ని ఎవరూ పిలవని పది నిమిషాలు ఎక్కడున్నాయో వెతకండి. మొదటి నెల పది నిమిషాలే, ఉత్సాహం వచ్చినా పెంచొద్దు.

ఊడ్పులకీ కోతలకీ వెళ్లేవాళ్లకి పొద్దున్న ఆటో వచ్చేలోపు ఊపిరాడదు. మధ్యాహ్నం గట్టు మీద అన్నం తిన్నాక మిగతావాళ్లు నడుం వాల్చే వేళ మీది. రొయ్యల చెరువుల కాపలా ఉండేవాళ్లకి రాత్రి ఏరియేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) మోత ఒక వరం, గొంతెత్తి ఏడ్చినా ఎవరికీ వినపడదు. షాపు ఉన్నవాళ్లు షట్టరు సగం ఎత్తి లోపల కూర్చోవచ్చు. సముద్రం మీదకి వెళ్లేవాళ్లు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో మొదలుపెడితే, బోటు కదిలేనాటికి అలవాటు స్థిరపడి ఉంటుంది. నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లేవాళ్లు చేతులు పనిలో ఉంచి ప్రార్థించుకుంటామంటారు. మంచిదే, కానీ దాన్ని ఈ పది నిమిషాల్లో కలపొద్దు. అల్లిక లెక్క తప్పకూడదని మనసులో సగం అక్కడే ఉంటుంది. పసిబిడ్డ తల్లికి మాత్రం వేళ ఉండదు. ఆ పది నిమిషాలు భర్త బిడ్డని ఎత్తుకోవాలి. భార్యని సరిగ్గా చూడని భర్త ప్రార్థనలకి ఆటంకం వస్తుందని 1 పేతురు 3:7 చెబుతోంది కాబట్టి ఇది ఆయన ఆత్మీయతకి కూడా సంబంధించిన విషయమే.

ఇక చోటు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు యేసు (మత్తయి 6:6). కాలనీ ఇంట్లో ఉన్నదే ఒక గది, అందులో ఆరుగురు. అలాంటప్పుడు డాబా మెట్లు, కాలువ గట్టు, మందిరం. వారం మధ్యలో మందిరం ఖాళీగానే ఉంటుంది, అయ్యగారిని తాళం అడిగితే సంతోషంగా ఇస్తారు. తోటలో కూర్చుంటామనేవాళ్లు కొబ్బరిచెట్టు కింద మాత్రం కూర్చోకండి. రాలే కాయకి మీ భక్తి సంగతి తెలియదు.

3. మొదటి మాట నిజం చెప్పండి

ఎక్కువమంది ఇక్కడే తప్పిపోతారు. కళ్లు మూసుకోగానే "మహా ఘనుడవు, మహోన్నతుడవు, పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలై, మైకులో విన్న మాటలు వరసగా వచ్చేస్తాయి. ఆ మాటలు తప్పు కాదు. అవి మీవి కాకపోవడమే ఇబ్బంది. ఇంట్లో అమ్మతో గ్రాంథికంలో మాట్లాడం కదా. విస్తరించి మాట్లాడితే వినపడుతుందనుకోవద్దని మత్తయి 6:7లో ఉంది.

మీ ఇంటి భాషలో, ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఉదాహరణకి:

"తండ్రీ, నాకు ప్రార్థన చేయాలని లేదు. పది నిమిషాలు ఎప్పుడైపోతాయా అని గడియారం చూస్తున్నాను. అయినా కూర్చున్నాను."

"ప్రభువా, మా తమ్ముడి మీద కోపం తగ్గలేదు. తగ్గించమని అడగాలని కూడా లేదు."

"దేవా, రొయ్యల రేటు పడిపోయిన దగ్గర్నుంచి నీ మీద నాకు అనుమానంగా ఉంది."

ఇలా మాట్లాడితే దేవునికి కోపం వస్తుందేమోనని భయపడేవాళ్లు 13వ కీర్తన తీయండి. "ఎంతవరకు?" అని దావీదు మళ్లీ మళ్లీ నిలదీశాడు. దాన్ని దేవుడు తన గ్రంథంలోంచి తీసేయలేదు.

మొదటి రోజుల్లో ఇలా రెండు వాక్యాలు అయ్యాక మాటలు ఆగిపోతాయి. ఆగనివ్వండి. మాటలు లేని ఆ నిమిషాలని స్తోత్రం స్తోత్రం అంటూ నింపేయొద్దు. మనసులో నిజంగా ఉన్న విషయం చాలాసార్లు ఆ ఖాళీలోనే పైకి వస్తుంది.

4. వాక్యం చదివి, దానికి జవాబు చెప్పండి

ప్రార్థనలో మాటలు రాకపోవడానికి మామూలు కారణం, అవతలి మాట వినకుండా మనమే మాట్లాడాలనుకోవడం. రోజుకి ఒక చిన్న భాగం చదవండి. అధ్యాయాలు లెక్కపెట్టొద్దు. వాగ్దానపు కార్డు తీసి సరిపెట్టుకోవద్దు. ఆ కార్డుల్లో మందలింపు ఉండదు, చల్లారిన మనిషికి ముందు కావాల్సింది అదే.

ఒకసారి చేసి చూపిస్తాను. లూకా 18:9-14 తీయండి. ఇద్దరు దేవాలయానికి వెళ్లారు. ధర్మశాస్త్రంలో నిష్ఠగా ఉండే పరిసయ్యుడు వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటానని, పదో వంతు ఇస్తానని చెప్పుకున్నాడు. పన్నులు వసూలు చేసే సుంకరి దూరంగా నిలబడి, కళ్లు కూడా పైకెత్తకుండా, పాపినైన నన్ను కరుణించమన్నాడు. నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది సుంకరి.

నెమ్మదిగా రెండుసార్లు చదివాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడ నా మనసు ఆగింది? ఎందుకు ఆగింది? దీని గురించి దేవునితో ఇప్పుడు ఏం చెప్పాలి? ఒక సంఘ పెద్దకి "వారానికి రెండుసార్లు" దగ్గర ఆగిందనుకుందాం. ఆయన ప్రార్థన ఇలా ఉండొచ్చు: "ప్రభువా, శుక్రవారం ఉపవాసానికి రానివాళ్ల పేర్లు నా మనసులో లెక్క ఉన్నాయి. నేను రావడం నీ కోసమో, ఆ లెక్క కోసమో నాకే తెలియడం లేదు. ఆ లెక్క చెరిపెయ్యి." అంతే. నిమిషం పట్టదు. కానీ అది ఆయన సొంత ప్రార్థన, ఇంకెవరూ ఆయన తరఫున చేయలేనిది.

మొదటి రెండు వారాలకి వీటిలోంచి తీసుకోండి: కీర్తనలు 13, 23, 51, 139; లూకా 18:1-14; మత్తయి 6:5-15; యాకోబు 4:1-10; ప్రకటన 2:1-7, 3:14-22. ఒక్కో భాగం రెండు రోజులు చదివినా నష్టం లేదు. ఆ తర్వాత మార్కు సువార్త మొదటి నుంచి.

5. తప్పు పేరు పెట్టి ఒప్పుకోండి, తర్వాత లేచి వెళ్లండి

"తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు" అనేది ఒప్పుకోలు కాదు, తప్పించుకోవడం. 139వ కీర్తన చివరి రెండు వచనాలు చదివి, నన్ను పరిశోధించమని అడిగి, గుర్తొచ్చింది పేరు పెట్టి చెప్పండి. అబద్ధమైతే ఎవరితో ఆడారో, డబ్బైతే ఎంతో.

మన గోదావరి డెల్టాలో ప్రార్థనకి అడ్డుపడే విషయాలు ఆకాశంలో ఉండవు, గట్టు మీదే ఉంటాయి. అన్నదమ్ముల మధ్య నాలుగు కొబ్బరిచెట్ల వాటా. జరిపేసిన సరిహద్దు రాయి. పాడుకుని కట్టకుండా వదిలేసిన చీటీ. పక్కవాడి వరిచేలోకి వదిలిన చెరువు ఉప్పునీళ్లు. కోత అయ్యి ధాన్యం డబ్బులు పడినా కూలీలకి ఆపిన బాకీ. చేలు కోసినవాళ్ల కూలి మోసంగా బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు 5:4లో ఉంది. ఒకపక్క ఆ మొర వినపడుతుండగా మన స్తుతి పాట ఎంత గట్టిగా పాడితే ఏం?

కాబట్టి ఈ అంచె మోకాళ్ల మీద పూర్తవదు. సహోదరునికి నీ మీద ఏదైనా విరోధం ఉంటే అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23-24). వెళ్లండి. వెళ్లినప్పుడు చిన్నగా మాట్లాడండి: "బావా, ఆ రోజు నేనన్నది తప్పు. మనసులో పెట్టుకోకు." "కానీ నువ్వు కూడా" అనే మాట నోట్లోంచి వస్తే క్షమాపణ అక్కడితో చచ్చిపోతుంది. డబ్బు సంగతైతే ఒట్టి మాటలతో వెళ్లొద్దు, మొదటి వాయిదా జేబులో పెట్టుకుని వెళ్లండి.

జాగ్రత్తలు మూడు. ఒప్పుకోలు సాక్ష్యం పేరుతో మైకులో చేయొద్దు, సంబంధం ఉన్న మనిషితోనే చేయండి. మీ మనసు తేలికపరచుకోవడానికి ఇంకొకరి రహస్యం బయటపెట్టొద్దు. మిమ్మల్ని కొట్టే మనిషి దగ్గరికో, పాడు చేసిన మనిషి దగ్గరికో సమాధానం పేరుతో వెళ్లమని ఈ వచనం చెప్పడం లేదు. అక్కడ తప్పు మీది కాదు. నమ్మకమైన పెద్ద మనిషితో చెప్పండి, అవసరమైతే పోలీసులకి చెప్పండి.

6. పేర్లు రాసి అడగండి

నోట్‌బుక్ చివరి పేజీల్లో నాలుగు గడులు గీయండి: తేదీ, ఎవరి కోసం, ఏం అడిగాను, ఏమైంది. "అందరినీ దీవించు" అని రాయడానికి అక్కడ చోటుండదు. "మస్కట్‌లో ఉన్న అక్కకి రెండు నెలల జీతం రావాలి", "పక్కింటి మామ్మ కళ్లాపరేషన్" ఇలా రాయాలి. మీ ఇంటివి సగం మించకుండా చూసుకోండి. వారానికి ఒక పేరు మీకు గిట్టని మనిషిది ఉండాలి. ఇది కష్టం, అందుకే ఒక్కటే చెబుతున్నాను.

"ఏమైంది" గడిలో జరిగినది రాసినట్టే జరగనిది కూడా రాయండి. అడిగినవన్నీ దొరికాయని చెప్పే నోట్‌బుక్ నమ్మదగింది కాదు. తాను మూడుసార్లు వేడుకున్నా తన శరీరంలోని ముల్లులాంటి బాధని దేవుడు తీసేయలేదని పౌలు రాసిపెట్టాడు (2 కొరింథీ 12).

వాట్సాప్‌లో ప్రార్థన మనవి వస్తే చేతులు జోడించిన బొమ్మ పెట్టి వదిలేయకుండా, ముందు ఆ పేరు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ప్రార్థన చేశాకే బొమ్మ పెట్టండి.

7. ఒక్క తోడు

వారానికి ఒకసారి, ఒక్క మనిషితో పావుగంట. ఆడవాళ్లు ఆడవాళ్లతో, మగవాళ్లు మగవాళ్లతో. ఒకరినొకరు ఒకే ప్రశ్న అడగండి: "ఈ వారం కూర్చున్నావా?" విన్నది బయటికి పోనివ్వని మనిషి అయితే చాలు, పెద్ద విశ్వాసి కానక్కర్లేదు. దొరకకపోతే భార్యాభర్తలే మొదలుపెట్టొచ్చు.

8. ఉపవాసం, ఇవన్నీ కుదిరాక

ఒక పూట చాలు. నీళ్లు మాత్రం తాగండి, ముఖ్యంగా రోహిణి కార్తె ఎండల్లో. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తిండి మానొద్దు, ఆ రోజు ఫోన్ మానండి. మానేసిన ఆ పూట అన్నం ఖర్చు ఆకలితో ఉన్నవాళ్లకి చేరితేనే యెషయా 58 చెప్పిన ఉపవాసం అవుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కన్నీళ్ల కోసం ఎదురుచూడటం. పోయిన క్రిస్మస్ కూటాల్లో ఏడ్చాం, ఇప్పుడు రావట్లేదు కాబట్టి దేవుడు దూరమయ్యాడనుకుంటారు. కీబోర్డు, వెలుతురు, జనం ఉన్నచోట ఏడుపు తేలిక. ఒంటరిగా డాబా మీద పొడిగా కూర్చున్న పది నిమిషాలకే విలువ ఎక్కువ అంటాను.

బేరం పెట్టడం. "ఈ పంట వస్తే చర్చికి ఫ్యాన్లు కొనిస్తాను" అని. ఫ్యాన్లు కొనండి, మంచిదే. పంటతో ముడిపెట్టొద్దు.

ప్రార్థనకి డబ్బు కట్టడం. ఫలానా నూనె రాస్తే, ఫలానా నంబరుకి పంపిస్తే పని జరుగుతుందనేవాళ్లు ఎంత పెద్ద పేరున్నవాళ్లయినా దూరంగా ఉండండి. చేయించుకోవడం అనే అలవాటు చివరికి చేర్చేది ఇక్కడికే.

రాత్రంతా ప్రార్థనలో కూర్చుని, తర్వాత పది రోజులు కనపడకపోవడం. ఒకరోజు తప్పిపోతే మర్నాడు ఇరవై నిమిషాలు చేసి బాకీ తీర్చాలనుకోవడమూ ఇలాంటిదే. బాకీ ఏమీ లేదు. మర్నాడు మళ్లీ పది నిమిషాలే.

మోకాళ్ల మీద నిద్రపోవడం. నిలబడండి, నడవండి, కళ్లు తెరిచి ప్రార్థించండి. కళ్లు మూయాలనే ఆజ్ఞ బైబిల్లో ఎక్కడా లేదు. రోజూ నిద్రే వస్తుంటే మీరు నిద్రకి బాకీ ఉన్నారు, పెందలాడే పడుకోండి.

తెల్లవారుజామున ఇంటి మీద స్పీకరు పెట్టడం. పక్కింటివాళ్ల నిద్ర చెడగొట్టి చేసే ప్రార్థన వీధి మూలల ప్రార్థనే (మత్తయి 6:5).

పని చేస్తోందా లేదా, ఎలా తెలుస్తుంది?

నెలన్నర వరకు చూడొద్దు. ఆ తర్వాత నోట్‌బుక్ తీసి ముందు పేజీలు, ఇప్పటి పేజీలు పక్కపక్కన పెట్టండి. అడగడమే ఉందా, కృతజ్ఞత, ఒప్పుకోలు కూడా వస్తున్నాయా? పేర్లు మీ ఇల్లు దాటి ఎంత దూరం వెళ్లాయి? ఏదైనా ఒక ప్రార్థన వల్ల మీరు లేచి ఎవరి దగ్గరికైనా వెళ్లారా? ఒక్కసారి కూడా వెళ్లకపోతే అయిదో అంచెకి తిరిగి రండి.

రెండో పరీక్ష ఇంట్లోవాళ్లు. మీరు ప్రార్థన మొదలుపెట్టారని చెప్పకుండా, "ఈమధ్య నాలో ఏమన్నా తేడా ఉందా?" అని కోడల్నో, పదో తరగతి చదివే కొడుకునో అడగండి. వాళ్లు మొహమాటపడరు. "అరవడం కాస్త తగ్గింది" అంటే పని జరుగుతోంది. "ఇప్పుడు అరిచాక వచ్చి మాట్లాడుతున్నావు" అన్నా జరుగుతోంది. కోపానికీ క్షమాపణకీ మధ్య వారం పట్టేది పూటకి తగ్గిందంటే ఏ దర్శనం కంటే నేను దాన్నే నమ్ముతాను.

మూడోది అన్నిటికంటే కష్టం. మీ సంఘంలో మిగిలినవాళ్లు చల్లగా ఉన్నారని ఇప్పుడు మీకనిపిస్తోందా? అనిపిస్తుంటే మీరు సుంకరి పక్కనుంచి లేచి పరిసయ్యుడి పక్కకి చేరారు. ఆ రోజు లూకా 18 మళ్లీ చదవండి, ఆ అనిపించిన వాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసి, వాళ్లకి మంచి జరగాలని అడగండి. వాళ్లకి బుద్ధి రావాలని కాదు.

ఏ తేడా కనపడకపోతే ముందు టైము మార్చండి, తర్వాత చోటు. అప్పటికీ కదలకపోతే అయ్యగారి దగ్గరికి నోట్‌బుక్ తీసుకెళ్లి కూర్చోండి. ప్రార్థన చేయించుకోవడానికి కాదు, ఎక్కడ ఆగిపోయారో చూపించడానికి.

కాలం మారినప్పుడు

జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలి సార్వా (మొదటి పంట) పనులు మొదలవగానే మే నెలలో కుదిరిన టైము చెడిపోతుంది. పిల్లల బడులు తెరిచినప్పుడూ అంతే. ముందే అనుకుని, ఆ వారం ఆదివారం కొత్త టైము నోట్‌బుక్ అట్ట లోపల రాసుకోండి. లంకల్లో ఉండేవాళ్లు వరద రోజుల్లో పునరావాస కేంద్రానికి వెళ్లాల్సి వస్తే నోట్‌బుక్‌ని ఆధార్ కార్డులతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. అక్కడ పది నిమిషాల ఏకాంతం దొరకదు, వరసలో నిలబడి చేసేది చాలు. ఇంటికి తిరిగొచ్చి బురద కడుక్కున్న మర్నాడు మాత్రం పాత టైముకే కూర్చోండి.